అమ్మోరి మలుపులో టర్బో

నేను ఒక టర్బోను. బానెట్ ఎత్తి చూసినా చాలామందికి కనిపించను. ఇంజన్ పక్కన, పొగగొట్టం మొదలయ్యే చోట, రెండు నత్తగుల్లలు వీపులు ఆనించుకుని కూర్చున్నట్టు ఉంటాను. ఒక గుల్ల ఇనుము, ఇంకొకటి అల్యూమినియం. లోపల ఒకే ఇరుసు, దాని రెండు చివర్లా రెండు చిన్న ఫ్యాన్లు. ఇంజన్ వదిలేసే పొగ ఒక ఫ్యాన్‌ను తిప్పుతుంది. దాంతోపాటే రెండోది తిరిగి బయటి గాలిని ఇంజన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ అందితే డీజిల్ బాగా మండుతుంది, బండికి బలం వస్తుంది. వద్దని పారేసినదాన్ని పట్టుకుని బలంగా మార్చడం నా పని. ఇలాంటి పని చేసేవాళ్లు ఒకరున్నారని మనుషులకు వాళ్లు చెడిపోయిన రోజునే తెలుస్తుంది.

నన్ను పోత పోసిన ఊరి పేరు నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి ఒక తెల్లటి గదిలో నా ఇరుసును బొంగరంలా తిప్పుతున్నారు. బరువు ఎటు మొగ్గితే అటు గోరు గీకినంత గీకి, మళ్లీ తిప్పి చూస్తున్నారు. ఆ ఇరుసు దేనిమీదా గట్టిగా ఆనదు. ఇంజన్ నుంచి ఒక సన్నటి పైపులో వచ్చే నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. ఆ నూనే నాకు ప్రాణం. ఈ ఒక్క సంగతి గుర్తుంటే నా కథ మొత్తం అర్థమవుతుంది.

నా మొదటి యజమాని అనకాపల్లి బెల్లం వ్యాపారి. ఏడుగురు కూర్చునే పెద్ద డీజిల్ బండి కొన్నాడు, ఎప్పుడూ ఒక్కడే కూర్చునేవాడు. మండీ నుంచి ఇంటికి, ఇంటి నుంచి మండీకి. ఆ దారిలో స్పీడు బ్రేకర్లు తప్ప ఎత్తులు లేవు. అయినా వెనక అద్దం కింద టర్బో అని ఉన్న అక్షరాలను రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిపించేవాడు. నా బలం ఆయనకు ఎన్నడూ అవసరం పడలేదు, నా పేరు మాత్రం పడింది. తర్వాత పెళ్లిళ్లకు బండ్లు తిప్పే ఒకతను కొన్నాడు. నా మీద పూలదండలు వేలాడాయి, లోపల పెళ్లికొడుకులకు చెమటలు పట్టాయి. రంగు వెలిసి, ముందు బంపర్ సొట్టపడ్డాక, పెళ్లివాళ్లు ఆ బండిని వద్దన్నారు. అప్పుడు మమ్మల్ని కొండ మీదికి తోలుకెళ్లినవాడు రామన్న పడాల్.

మాడుగుల వైపు నుంచి ఘాట్ ఎక్కితే పైన పనసగరువు అనే చిన్న ఊరుంది. పడాల్‌ది ఆ ఊరు. కాఫీ తోట, సిల్వర్ ఓక్ చెట్లకు పాకిన మిరియాల తీగలు, కొంచెం పసుపు. శుక్రవారం కింద సంత. ఊరి ఆడవాళ్లు కొండచీపుళ్లు, అడ్డాకులు, అనాసపళ్లు మా బండిలో వేసుకుని దిగుతారు. సాయంత్రం ఉప్పు, నూనె, ఎండుచేపలతో ఎక్కుతారు. పడాల్‌కు డ్రైవింగ్ రాదు. కొడుకు వరహాలు నడిపేవాడు. పడాల్ ముందు సీట్లో చేతికర్ర నిలబెట్టుకుని రాజులా కూర్చునేవాడు.

నిజంగా నేను బతికింది అక్కడే. మెలికలు తిరిగే ఆ ఎత్తులో, పది మంది మనుషులు, వాళ్ల మూటలు, టాప్ మీద కోళ్ల గంపలు. ఆ బరువంతా నా రెండు ఫ్యాన్ల మీద పడినట్టు ఉండేది. ఎక్కేకొద్దీ నా ఇనుప గుల్ల ఎర్రగా కాలేది. అలా కాలడం నాకు కష్టం కాదు, దానికే పుట్టాను. కష్టం పైన ఉంది.

ఘాట్ చివరి మలుపులో ఒక పెద్ద బండరాయి కింద పసుపు పూసిన రాళ్లు, పైన రేకు కప్పు. ఆవిడను అందరూ మలుపు తల్లి అంటారు. పడాల్ మా బండిని మొదటిసారి పైకి తెచ్చిన రోజు దట్టంగా పొగమంచు. సరిగ్గా ఆ మలుపులో ఇంజన్ టక్కున ఆగిపోయింది. మరుక్షణం మంచులోంచి కలప లారీ ఒకటి బానెట్‌ను రాసుకుంటూ దూసుకుపోయింది. ఇంకొక్క అడుగు ముందుకు పడి ఉంటే అందరం లోయలో ఉండేవాళ్లం. తల్లే ఇంజన్ ఆపిందని పడాల్ అక్కడే సాష్టాంగపడ్డాడు. నిజానికి వరహాలు కంగారులో క్లచ్ వదిలేశాడు. ఆ సంగతి ఇంజన్‌కు తెలుసు, నాకు తెలుసు, వరహాలుకు తెలుసు. ముగ్గురమూ మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి అదే కట్టుబాటయింది. ఘాట్ ఎక్కగానే తల్లి ముందు ఇంజన్ ఆపాలి. ఆపాకే దిగాలి, కొబ్బరికాయ కొట్టాలి, హారతి తీసుకోవాలి. ఇంజన్ మోగుతూ ఆవిడ ముందు నిలబడటం చెప్పులతో గడప తొక్కడమేనని పడాల్ నమ్మకం. ఇంజన్ ఆగితే నాకొచ్చే నూనె ఆగిపోతుంది. నా వేడి మాత్రం ఆగదు. లోపల చిక్కుకున్న కాస్త నూనె కాలిన పెనం మీద చుక్కలా మాడి, నా ఇరుసు చుట్టూ నల్లటి పెచ్చుగా అంటుకునేది. బయట వాళ్లు కళ్లు మూసుకుని దండం పెట్టుకునేవాళ్లు. ప్రతి శుక్రవారం వాళ్ల భక్తి నా గొంతులో ఒక పొరగా గట్టిపడేది. చెబుదామంటే నాకున్నది తిరిగేటప్పుడు వచ్చే ఈల ఒక్కటే.

కొన్నేళ్లకు వరహాలు మిరియాలు కోస్తూ చెట్టు మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. నడవగలిగాడు కానీ, ఎడమ కాలు క్లచ్ తొక్కదు. బండి కొట్టంలో నిలబడిపోయింది. అప్పుడు అతని భార్య నూకరత్నం తాళం అడిగింది. ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఇన్నాళ్లూ వెనక సీట్లో కూర్చుని, అందరూ కొండలు చూస్తుంటే తను భర్త పాదాలు చూసేది. ఏ ఎత్తులో ఏ గేరు, ఏ మలుపులో ఎంత బ్రేకు, అన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. కొట్టం ముందు చదునులో కొన్నాళ్లు తిప్పింది, లైసెన్సు తెచ్చుకుంది. పడాల్ మీసం నిమురుకుని, "సర్లే, వరహాలు లెగిసేదాకా" అన్నాడు. వరహాలు కాలు ఇక లేవదని ఆయనకూ తెలుసు.

ఆమె చేతిలో నేను హాయిగా ఉండేదాన్ని. ఎత్తులో తొందరపెట్టేది కాదు, దించాల్సిన చోట గేరు దించేది. కానీ లోపలి పెచ్చు ఎవరు నడుపుతున్నారో చూసి పెరగదు కదా. ఒక శుక్రవారం సాయంత్రం, నిండు బండితో సగం ఘాట్ ఎక్కాక, నా ఇరుసు ఊగి ఫ్యాన్ గుల్ల గోడకు రాసుకుంది. ఈల కాస్తా కేక అయింది. వెనక నుంచి నీలం పొగ కమ్ముకుంది. బండి ముసలి ఎద్దులా మోకాళ్ల మీద కూలబడింది.

బరువు తగ్గించడానికి ఆడవాళ్లంతా దిగి మూటలెత్తుకున్నారు. వాళ్లలో దేవుడమ్మ నోరు పెద్దది.

"ఓలమ్మీ రత్నం, బండి మమ్మల్ని మోస్తాదని ఎక్కినాం. ఇప్పుడు మేమే బండిని మొయ్యాలేటి? కోడిని నెత్తినెట్టుకుని కొండెక్కీదానికి ఛార్జీ నానెందుకివ్వాలే?"

వెనకే మరో జీపు వచ్చి ఆగింది. దాని డ్రైవర్ కన్నబ్బాయి కిటికీలోంచి తల బయటపెట్టాడు. పనసగరువు సరుకు మీద అతనికి ఎప్పటి నుంచో కన్ను.

"ఆడోల్ల సేతికి టీరింగిస్తే ఇలగే ఉంటాది పడాలు మావా. అది అట్ల పెనం కాదు, ఇష్టమొచ్చినట్టు మాడ్సీడానికి!"

ఆడవాళ్లు కూడా నవ్వారు. పడాల్ నవ్వలేదు, కాదనీ అనలేదు. నూకరత్నం అద్దంలో నీలం పొగను చూస్తూ మొదటి గేరులో, మనిషి నడిచే వేగంతో, బండిని పైకి తెచ్చింది. తల్లి దగ్గర ఎప్పటిలాగే ఇంజన్ ఆపింది.

మరమ్మతుకు ఆమెను రానివ్వలేదు. పడాల్ వేరే డ్రైవర్‌ను పెట్టి నర్సీపట్నంలో మెకానిక్ జగ్గారావు దగ్గరికి తీసుకెళ్లాడు. జగ్గారావు నా లోపలి ఇరుసు, ఫ్యాన్లు, బేరింగులు అన్నీ తీసి కొత్తవి పెట్టాడు. గుల్లలు మాత్రం పాతవే. అప్పటి నుంచి నేను నేనేనా అని అప్పుడప్పుడూ అనుకుంటాను. కానీ మనుషులు కూడా పళ్లు కట్టించుకుని, మోకాళ్లు మార్పించుకుని అదే పేరుతో తిరుగుతున్నారు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. జగ్గారావు చేయి ఊపి, "ఆయిలు బాగోనేదు పడాలు గారూ, అదే మీ రోగం" అని కొత్త ఆయిల్ పోశాడు. నాకు నూనె తెచ్చే సన్నటి పైపును విప్పకుండానే బిగించేశాడు. దాని గొంతులో ఏళ్ల మాడు ఉంది.

వానలు వెళ్లకముందే, నూకరత్నం చేతిలోనే, మళ్లీ అదే కేక, అదే నీలం పొగ, అదే దేవుడమ్మ నడక. ఈసారి పడాల్ పాత ఇనుము కొనే మనిషిని ఇంటికి పిలిపించాడు. వాడు బండి చుట్టూ తిరిగి, పశువును బేరమాడినట్టు తలుపులు చరిచాడు. వాకిట్లో పడాల్ అందరూ వినేట్టు చెప్పాడు.

"బండితో మనకి రుణం తీరిపోనాది. సరుకు కన్నబ్బాయి జీపులో ఏద్దాం. నువ్వు పొయ్యి సూసుకో అమ్మీ."

నూకరత్నం గుమ్మంలోనే ఉంది. అప్పటిదాకా మామగారి మాటకు ఎదురు చెప్పగా నేను వినలేదు.

"నా సేతిలో పాడైందని ఊరంతా అంతన్నాది మావయ్యా. ఏటి పాడైందో నా కల్లతో నాను సూణ్ణేదు. ఒక్కపాలి నన్నెల్లనివ్వండి."

"సూసి ఏటి సేస్తావు? నువ్వు మెకానిక్కువా?"

"నా తప్పని తేలితే తాళం మీ సేతిలో నానే పెడతాను. ఇంక అడగను. కాదని తేలితే టీరింగు నాదే."

పాత ఇనుము మనిషి ఇద్దరి వంకా చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు. వరహాలు గోడ పట్టుకుని నిలబడి, "ఎల్లనీ అయ్యా" అన్నాడు. పడాల్ లోపలికి వెళ్లిపోయాడు. కొండల్లో అది ఒప్పుకోవడం కింద లెక్క.

దిగడానికి నా బలం అక్కర్లేదు. ఆమె మెల్లగా దింపుకుంటూ జగ్గారావు షెడ్డుకు తెచ్చింది. జగ్గారావు గోధుమరంగు బనియన్‌కు చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఏటి సెల్లెమ్మా, మీ టర్బోకి నా మీద మనసైనట్టుంది. వదల్నంటాది!"

"విప్పన్నా. నాను సూస్తాను."

"సూడ్డానికేటుంటాదమ్మా, నల్లగుంటాది. ఆయిలు నాసిరకం పోసుంటారు."

"నువ్వు పోసిన ఆయిలే కదన్నా."

జగ్గారావు స్పానర్ తీశాడు. నన్ను బల్ల మీద పెట్టి గుల్లలు విడదీశాడు. ఆమె వంగి, జడపిన్ను తీసి, నా ఇరుసు పక్కన అంటుకున్న నల్లటి పెచ్చును గీకింది. అరచేతిలో వేసుకుని నలిపింది, వాసన చూసింది. ఏ చదువూ ఏ పనిముట్టూ నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

"ఇది మాడు అన్నా."

"ఏటి మాడు?"

"చోడి జావ అడుగంటితే గిన్నెకి పట్టే మాడు. గోకితే ఇలగే పెచ్చులూడతాది." పెచ్చును మళ్లీ నలుపుతూ అడిగింది. "జావ ఎప్పుడడుగంటాది? మంట ఉండగా గరిటె తిప్పడం ఆపితే. ఇందులో నూనెని తిప్పీదేటి?"

"ఇంజనే. ఇంజను తిరిగినంతసేపూ నూనె వస్తాది, పోతాది."

"ఇంజనాపితే?"

"నూనె ఎక్కడిదక్కడే."

"వేడో?"

జగ్గారావు స్పానర్ కింద పెట్టాడు. "ఉండుండు. ఘాటెక్కినాక బండెక్కడాపుతావు సెల్లెమ్మా?"

ఆమె అరచేతిని మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకు తెలుసు, ఆమె ముక్కుకు ఒక వాసన గుర్తొచ్చింది. తల్లి దగ్గర ప్రతి శుక్రవారం కర్పూరంతో కలిసి వచ్చే మాడు నూనె వాసన. ఇన్నాళ్లూ అది దీపంలోది అనుకుంది.

"అమ్మోరి దగ్గిర," అంది చివరికి. "ఎక్కిన ఎంటనే."

"కాసేపలగే ఇంజను ఆడనిచ్చి ఆపాలమ్మా. ఆ నూనే వేడంతా లాగీసుకుంటాది." జగ్గారావు తల గోక్కున్నాడు. "నానైనా అడగాల్సింది."

ఆమె దాన్ని పట్టించుకోలేదు. నూనె పైపు విప్పించింది. కంటికి ఆనించి ఎండలోకి చూసింది. అవతలి వైపు వెలుతురు రాలేదు. "ఇది కడగొద్దన్నా, కొత్తదెయ్యి," అంది. లోపలి ఇరుసు మళ్లీ కొత్తది. పైపు కొత్తది. బిగించే ముందు ఆ పైపును నోటితో ఊది, గాలి అవతల అరచేతికి తగిలాకే జగ్గారావుకు ఇచ్చింది.

ఇంటికొచ్చి, అన్నాలయ్యాక ఆమె మామగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. జావ, గరిటె, మాడు. పడాల్ చుట్ట ఆరిపోయిందని కూడా చూసుకోకుండా విన్నాడు.

"అయితే తల్లి వల్ల బండి పాడైందంటావు."

"తల్లి వల్ల కాదు. మన తొందర వల్ల."

"ఆ రోజు ఇంజనాపి మనల్ని బతికించిందెవలు? ఆవిడ ముందర ఇంజను మోగించుకుని నిలబడమంటావా?"

వరహాలు నోరు తెరిచాడు. అతను క్లచ్ సంగతి చెబుతాడేమోనని బయట కొట్టంలో నేను బిగుసుకున్నాను. మంచినీళ్ల చెంబు ఎత్తి తాగాడు. అంతే.

"సుక్రోరం సంతకెల్దాం," అన్నాడు పడాల్. "అమ్మోరి దగ్గిర ఎప్పుడూ ఎలగ ఆగుతామో అలగే ఆగాలి. నేదంటే కన్నబ్బాయికి కబురెడతాను."

 నూకరత్నం గిన్నెలు ఎత్తుకుని లేచింది.

శుక్రవారం సాయంత్రం నిండు బండితో ఘాట్ ఎక్కడం మొదలుపెట్టాం. దేవుడమ్మ ఎక్కుతూనే, "సెప్పులు గట్టివే ఏసుకొచ్చినానమ్మా, దిగమంటే దిగిపోతాను" అంది. దిగాల్సిన అవసరం రాలేదు. మొదటి మలుపు దాటాం, వంతెన దాటాం. పోయినసారి కూలబడిన చోట నూకరత్నం గేరు దించి కాలు నొక్కింది. నాకు కొత్త నూనె ధారగా వస్తోంది. ఇరుసు ఎక్కడా తగలకుండా తేలుతోంది. నేను గాలిని గుప్పిళ్లతో తోశాను. వెనక మాట్లాడుకునేవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. అద్దంలో పొగ లేదు.

చివరి మలుపు వచ్చింది. ఆమె బండిని బండరాయి పక్కకు తీసి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగింది. తాళం తిప్పలేదు. నేను ఎర్రగా ఉన్నాను. ఇంజన్ గుడగుడమంటోంది.

"ఆపమ్మీ," అన్నాడు పడాల్.

"ఆపుతాను మావయ్యా. కొంచెం సల్లారనివ్వండి."

"ఆపమన్నాను."

ఆమె చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి.  తాళం వైపు కదల్లేదు.

"మీరు దిగండి. నాను బండిలోనే కూకుంటాను. ఇంజను ఆగాక నా దండం నాను ఎట్టుకుంటాను. తల్లికి కోపమొస్తే నా ఒక్కదాని మీదే వస్తాది. పొయ్యి మీద మంట ఉండగా గరిటె తియ్యను మావయ్యా. తీస్తే రేపు ఈ బండి ఇనుము కొట్లో ఉంటాది, నాను పొయ్యి కాడ ఉంటాను."

  పడాల్ తలుపు తోసి దిగాడు. ఎంత గట్టిగా వేశాడంటే టాప్ మీద కోళ్లు గోల పెట్టాయి. ఆడవాళ్లు గుంపుగా వెనకే దిగారు. రాయి దగ్గర పూజారమ్మ కర్పూరం పళ్లెం పట్టుకుని నిలబడి, మోగుతున్న బండిని, ఖాళీ చేతులతో వస్తున్న పడాల్‌ను చూసింది. కోపంలో ఆయన కొబ్బరికాయ సీట్లోనే వదిలేశాడు.

"ఏటి పడాలూ, ఇంజనాపనేదేటి?"

 ఆయన వెనక్కి తిరిగి బండి వంక చూశాడు. అద్దం వెనక ఆమె తల కదలకుండా ఉంది. ఆమె కళ్లు నా వైపు, బానెట్ వైపు ఉన్నాయి, పొయ్యి మీది పాలు చూస్తున్నట్టు. ఘాట్‌లో ఒక్కరూ దిగి నడవలేదన్న సంగతి ఆయనకు అప్పుడు తట్టిందో, పొగ లేని గాలి తగిలిందో నాకు తెలియదు. మనుషుల లోపలి భాగాలు విప్పి చూపించే షెడ్డు నేనెక్కడా చూడలేదు.

పూజారమ్మ అగ్గిపుల్ల గీసింది.

"ఉండమ్మా," అన్నాడు పడాల్.

"ఏటైంది?"

"ఎలిగించకు."

"అమ్మోరిని ఎంతసేపు నిలబెడతావు?"

"ఆవిడకి మనంత తొందరుండదులే."

ఆమె పుల్ల ఊది ఆర్పేసింది. అందరూ అలాగే నిలబడ్డారు. నాలో నూనె వస్తూ, పోతూ, పోతూ పోతూ వేడిని వెంట తీసుకెళ్లింది. నా ఇనుము ఎరుపు విడిచి బూడిదరంగుకు వచ్చింది. నా ఈల సన్నబడి, సన్నబడి, వినబడకుండా పోయింది. అప్పుడు నూకరత్నం తాళం తిప్పింది. ఆ కొండ మీద అంత నిశ్శబ్దం నేను వినడం అదే మొదటిసారి. ఇంతకుముందు ప్రతిసారీ ఆ నిశ్శబ్దంలో నేను చిటపటమని మాడుతూ ఉండేదాన్ని.

ఆమె పక్క సీట్లోంచి కొబ్బరికాయ తీసుకుని దిగి, మామగారి చేతిలో పెట్టింది. ఆయన కొట్టాడు. పూజారమ్మ కర్పూరం వెలిగించింది. గాలిలో కర్పూరం వాసన ఒక్కటే ఉంది.

మళ్లీ బండెక్కుతుంటే కన్నబ్బాయి జీపు వచ్చి ఆగింది. దూరం నుంచే ఇంజన్ చప్పుడు విన్నట్టున్నాడు.

"పడాలు మావా, ఇదేటి కొత్త పద్ధతి? అమ్మోరి ముందర ఇంజను ఆపకుండా అంతసేపు?"

పడాల్ తన సీట్లో సర్దుకుని, చేతికర్ర నిలబెట్టుకున్నాడు.

"నన్నడుగుతావేటి? మా డైవరునడుగు."

నూకరత్నం తాళం తిప్పింది. నేను అందుకున్నాను.

నేనూ ఏదో ఒక రోజు పాత ఇనుము అవుతాను. గుల్లలు పగిలాక మార్చడానికి ఏమీ మిగలదు. అందుకు నాకు బెంగ లేదు, ఇనుముకు మళ్లీ పొయ్యి కొత్త కాదు. అరిగిపోయి పోతాను, అంతే. మాడి పోను. ప్రతి శుక్రవారం పైకి చేరాక, ఒక ఆడమనిషి చేతులు ఒళ్లో పెట్టుకుని, కదలకుండా, నేను చల్లారేదాకా కూర్చుంటుంది. బండి దిగి అంతమంది ఆమె కోసం నిలబడి ఉంటారు.